ఆడిట్ నాటి కొర్రమీనులు

ఆ రోజుల్లో నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, మొదటి ఉద్యోగం, బందరు దగ్గర ఒక చిన్న రొయ్యల ప్లాంటులో క్వాలిటీ చూసుకునే పని. నాగాయలంక వైపు చెరువుల నుంచి వచ్చే రొయ్యలను ఒలిచి, గడ్డకట్టించి, ఓడ ఎక్కించేవాళ్లం. మా సరుకు కొనే విదేశీ కంపెనీ ఒక్కటే. నాణ్యతకీ పర్యావరణానికీ సర్టిఫికెట్లు తెచ్చుకుంటేనే వచ్చే సీజన్ ఆర్డరని అది తేల్చేసింది. ఆర్డరు పోతే రొయ్యలొలిచే నలభై మంది ఆడవాళ్లకి పని పోతుంది. (నాకూ పోతుంది గానీ, ఆ మాట పైకి అనేవాణ్ని కాదు.) అందరూ మావయ్య గారని పిలిచే మా ఓనరు గారు రోజుకి పదిసార్లు "ఏరా అల్లుడూ, సర్టిఫికెట్ వచ్చేట్టేనా?" అని అడిగేవారు. "వచ్చేసినట్టేనండీ" అని చెప్పి, వెళ్లి ఫైళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి సర్దేవాణ్ని.

అసలు భయం పెరట్లో ఉన్న తొట్టి గురించి. ప్లాంటులో వాడిన నీళ్లను శుభ్రం చేసి, ఆ తొట్టిలోంచే కాలవలోకి వదలాలి. నెలనెలా చేయించిన నీటి పరీక్షల్లో రెండు బాగా రాలేదు. దాంతో రిపోర్టుల కట్ట మొత్తం బీరువా అడుగున దాచేశాను. దాచాక కంగారు రెట్టింపయింది. రిపోర్టులు లేకుండా నీళ్లు మంచివని ఎలా చూపించడం? చేపలు బతికితే మంచివే కదా అని తట్టింది. సర్టిఫికెట్ కోసం జరిగే ఆడిట్‌కి ముందురోజు సాయంత్రం బతికున్న కొర్రమీనులు ఆరు తెచ్చి తొట్టిలో వదిలాను. కొర్రమీనే ఎందుకంటే, అది ఓ పట్టాన చావదు. (బురదలో పడేసినా బతుకుతుందని మా పామిడిముక్కల వైపు పసిపిల్లలకి కూడా తెలుసు.)

ఆడిటరు గారు ప్రశ్న అడిగి, జవాబు విన్నాక కూడా మన మొహమే చూస్తూ ఊరుకునే మనిషి. పొద్దుటంతా ఆయన ఫైళ్లు చూస్తుంటే నేను కాలుగాలిన పిల్లిలా వెనకే తిరిగాను. మధ్యాహ్నం భోజనంలో చేపల పులుసు బాగుందని రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఆ ధైర్యంతో ఆయన్ని తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, "చూడండి సార్, మా నీళ్లలో చేపలు కూడా బతుకుతున్నాయి" అన్నాను. ఆయన వంగి చూశారు. నేనూ వంగాను. ఒక్కటీ లేదు.

వంట చేసే పిన్ని గారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "అయ్యో, ఆ కొర్రమీనులా బాబూ? సారొస్తున్నారని ముందే తెచ్చి నీళ్లలో ఉంచావనుకున్నా. మా ఇంట్లోనూ చుట్టాలొస్తుంటే అలాగే గోలెంలో వేసి ఉంచుతాం. పొద్దున్నే పట్టి పులుసు పెట్టేశా. సారు రెండుసార్లు వేయించుకున్నారు కూడా!"

ఆడిటరు గారి చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్లింది. మా వెనకే వచ్చిన మావయ్య గారు ఆకాశం వైపు చూశారు.

"కొర్రమీనా?" అన్నారు ఆడిటరు గారు. "మాదీ కాలవ గట్టు ఊరేనయ్యా. అది ఎక్కడైనా బతుకుతుంది. పరీక్ష రిపోర్టులు లేవా?"

లేవంటే ఆర్డరు పోతుంది, ఉన్నాయంటే పరువు పోతుంది. "ఉన్నాయండీ. రెండు బాగోలేవని దాచాను" అనేశాను.

ఆయన కట్టంతా చదివారు. "ఆ రెండు నెలలూ ఏం జరిగిందో కనుక్కోండి. సరిచేసి, చేసింది రాసి పెట్టండి. మళ్లీ వస్తాను" అన్నారు. వెతికితే, రొయ్య తొక్కలు తూములోకి పోతున్నాయని తేలింది. జల్లెడ బిగించాం. ఆయన రెండోసారి వచ్చి చూసుకున్నాకే సర్టిఫికెట్లు వచ్చాయి. (ఈసారి భోజనం క్యారేజీలో తెచ్చుకున్నారు.) ఆర్డరు నిలిచింది, ఇంకో కొనుగోలుదారూ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు, ఎవరికీ పని పోలేదు.

ఇప్పుడు నేనే ఆడిటర్ని. ఏదీ దాచకండని ఊరూరా చెబుతుంటాను. నలభై మంది పని నిలబెట్టాలంటే నేనిప్పుడైతే ముందు పైవాళ్లకి మెయిల్ పెట్టి అనుమతి అడుగుతాను, జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చుంటాను. ఆ ఇరవై మూడేళ్లవాడు ఒక్క క్షణం కూర్చోలేకపోయాడు. తెలివి తక్కువవాడే గానీ, వాడంటే నాకు ఇప్పటికీ ముద్దే.