పడవ రాని రోజు

నోయెల్లా కాలెవార్ట్ తన ఇంట్లో ఏనాడూ బంగాళాదుంపలు వేయించలేదు. బెల్జియం దేశంలోని మా ఫ్లాండర్స్‌లో బంగాళాదుంపల వేపుడు లేని ఇల్లే ఉండదు, ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. "నూనె కాగుతుండగా పడవ కూత వేస్తే ఏం చెయ్యమంటావే? ఇల్లు తగలెట్టుకోనా?" అనేది. అందుకే వారానికోసారి మా హోటలుకొచ్చి వేపుడు పొట్లం కట్టించుకుని పరుగున పోయేది. కూర్చుని తినవే అంటే కిటికీలోంచి కాలువ వైపు చూసేది.

మా కాలువ మీద ఎత్తుడు వంతెన ఉంది. సరుకు పడవ కూత వేసిన ఆరు నిమిషాల్లోగా అది పైకి లేవాలని కాంట్రాక్టు కంపెనీ నిబంధన. దాన్ని ఎత్తే ఉద్యోగం నోయెల్లాది, అందుకోసం వంతెన పక్కనే ఇల్లిచ్చారు. కూతురు సాస్కియా పెళ్లయి గెంట్ నగరంలో కాపురం పెట్టాకే నోయెల్లా, ఆమె భర్త ఎటియెన్ ఆ ఇంట్లో దిగారు. దాంతో వంతెన బతుకేమిటో ఆ పిల్లకు తెలియలేదు. ఎప్పుడో ఓ ఆదివారం వచ్చి, అమ్మ తోటలో కుర్చీ వేసుక్కూర్చోవడం చూసి, "నీ పనే హాయమ్మా" అని వెళ్లేది.

హాయట! చలికాలంలో కూడా స్నానాలగది కిటికీ తెరిచిపెట్టుకుని వణుకుతూ నీళ్లు పోసుకునేది ఆ మనిషి, కూత వినపడాలని. రొట్టెల కొట్టు దాటి అడుగు వేసేది కాదు. నోరు మాత్రం పెద్దదే. నింపాదిగా వచ్చే పడవవాణ్ని చూసి, "ఏరా, పడవను వీపు మీద మోసుకొస్తున్నావా?" అని కేకేసేది. పడవవాళ్లకూ ఆ తిట్లు పడకపోతే తోచేది కాదు.

ఒక మార్చి నెలలో ఎటియెన్‌కు గుండెనొప్పి వచ్చింది. గెంట్ ఆసుపత్రిలో చేర్చారు. కోలుకుంటున్నాడనే చెప్పారు. మూడోరోజు పొద్దున సాస్కియా ఫోన్ చేసి, "నాన్న నిన్నే అడుగుతున్నాడు, రామ్మా" అంది. నోయెల్లా వెంటనే కంపెనీకి ఫోన్ చేసి, తన బదులు ఎవరినైనా పంపమని బతిమాలింది. రేపు పొద్దున పంపిస్తామన్నారు. వంతెన వదిలేసి పోతే ఉద్యోగంతోపాటు ఇల్లూ పోతుంది. జబ్బుమనిషిని ఆసుపత్రి నుంచి ఎక్కడికి తెచ్చుకోవాలి? ఒక్కరోజే కదా అనుకుంది. సంచి సర్దుకుని, కోటు తొడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుంది. నేను సూపు పట్టుకెళితే చెంచా కూడా ముట్టలేదు.

ఆ రోజు ఒక్క పడవ కూడా రాలేదు. పొద్దుగూకే వేళకు ఎటియెన్ పోయాడు.

ఖననమయ్యాక అందరూ మా హోటల్లోనే కాఫీకి కూర్చున్నారు. సాస్కియా తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, ఆ రోజు ఎన్ని పడవలొచ్చాయి?"

"ఏవీ రాలేదే."

"ఏవీ రాలేదా? మరి ఏం చేస్తున్నావు పొద్దస్తమానం?"

నోయెల్లా కిటికీలోంచి కాలువ వైపు చూసింది. అంత నోరున్న మనిషికి మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

కూతురికి చూపించుకోవచ్చని, ఆ రోజు తాను పనిలో ఉన్నట్టు రాసిమ్మని కంపెనీని అడిగింది. వాళ్లు రాసిచ్చింది వేరు. వంతెన ఎత్తినంతసేపే పని, ఆ రోజు వంతెన లేవలేదు కాబట్టి ఆమెకది విశ్రాంతి దినం అన్నారు. సాస్కియా ఆ కాగితం చదివి బల్ల మీద పడేసింది. "నీ కంపెనీయే చెప్తోందిగా, విశ్రాంతి తీసుకున్నావని." ఆ తరువాత ఆ పిల్ల ఆదివారాలు రావడం మానేసింది.

అప్పుడు పట్టింది నోయెల్లాకు పంతం. యూనియన్ లాయరు యోరిస్ చేత గెంట్ కార్మిక కోర్టులో దావా వేయించింది. అక్కడి జడ్జి అంతా విని, తీర్పు చెప్పకుండా కేసు ఆపి, లక్సెంబర్గ్‌లోని యూరప్ కోర్టుకు ప్రశ్న రాసి పంపాడు. నాకు ఒళ్లు మండింది.

"గెంట్ జడ్జికే తెలీకపోతే ఇంకెందుకయ్యా ఆ కుర్చీ?" అన్నాను యోరిస్‌తో.

"యూరప్ చట్టంలో రెండే మాటలున్నాయండీ. పని, విశ్రాంతి. మధ్యలో మూడోది లేదు. ఊరికే ఎదురుచూడటం ఈ రెంటిలో ఏదో లక్సెంబర్గ్ వాళ్లు తేల్చాలి. వాళ్లు ఏది చెబితే అన్ని దేశాలకూ అదే చట్టం."

కంపెనీకి భయం పట్టుకుంది. లక్సెంబర్గ్ జవాబు రాకముందే కేసు వెనక్కి తీసుకుంటే, సాస్కియా ఇంటి దగ్గరే ఆఫీసు ఉద్యోగం, నష్టపరిహారం ఇస్తామని కబురు పెట్టారు. కేసు లేకపోతే ప్రశ్నా ఉండదు, జవాబూ ఉండదు.

"తీసుకోవే పిచ్చిదానా! రోజూ కూతురి గుమ్మం ముందు నుంచే పోవచ్చు" అన్నాను.

"ఆ గుమ్మంలోకి రానివ్వద్దూ?" అంది. "వాళ్లిస్తామన్న వాటిల్లో ఆ రోజు లేదే. నాకు కావల్సింది ఆ రోజే" అంది.

ఇంకేం చెప్తాను? మొండిఘటం.

ఏడాదిన్నరకు జవాబొచ్చింది. పడవ వచ్చిందా లేదా అన్నది ప్రశ్న కాదు, ఆ మనిషి తన సమయాన్ని తన ఇష్టప్రకారం గడపగలిగిందా అన్నదే చూడాలి, అంత తక్కువ గడువుతో కట్టిపడేస్తే ఎదురుచూపూ పనే అన్నారు. గెంట్ జడ్జి ఆ ప్రకారమే తీర్పిచ్చాడు. ఇలాగే పిలుపు కోసం కాచుకుని కూర్చునే అగ్నిమాపక దళం వాళ్లు, రాత్రి కాపలావాళ్లు ఎక్కడెక్కడివాళ్లో సంబరపడ్డారట. తీర్పుకు నోయెల్లా పేరే పెట్టారు. కాలేజీల్లో 'కాలెవార్ట్ తీర్పు' అని పాఠం చెబుతున్నారట.

ఆ సాయంత్రం మా హోటలు ఫోన్ నుంచే కూతురికి చెప్పింది. అవతల సాస్కియా గొంతు నాకూ వినపడింది. "జడ్జీలు చెబితే ఏమైంది? నాన్న తలుపు వైపే చూస్తూ పోయాడు." నోయెల్లా ఫోన్ పెట్టేసి, వేపుడు పొట్లం మరిచిపోయి వెళ్లిపోయింది.

కష్టం అక్కడితో ఆగలేదు. ఎదురుచూపుకూ జీతమివ్వాలంటే గిట్టదని కంపెనీ కాలువ పొడుగునా వంతెనలకు మిషన్లు పెట్టింది. గెంట్‌లో ఒకడు తెర ముందు కూర్చుని అన్నీ ఎత్తుతాడు. వంతెన మనుషులందరికీ ఇళ్లు ఖాళీ చెయ్యమని నోటీసులు వచ్చాయి. పక్క వంతెన ఫిర్మిన్ మా హోటల్లో అందరి ముందే అనేశాడు: "నీ పేరు చట్టంలోకెక్కిందమ్మా తల్లీ, మా సామాన్లు లారీ ఎక్కాయి." నేను వాడి బీరు గ్లాసు లాగేసుకుని బయటికి పొమ్మన్నాను. నోయెల్లా మాత్రం, "ఉండనీవే, నిజమేగా" అంది.

ఇల్లు ఖాళీ చేసే రోజున సాస్కియా వచ్చింది. వాళ్ల నాన్న పనిముట్లు తీసుకుపోవడానికని చెప్పింది. నేను అట్టపెట్టెలు కడుతున్నాను. ఏం తోచిందో, నోయెల్లా పొయ్యి మీద నూనె పెట్టి బంగాళాదుంపలు తరిగింది. "ఇక నాకేం అడ్డు? ఈ ఇంట్లో ఒక్కసారైనా వేయిస్తాను. తినేసి వెళ్లవే" అంది కూతురితో. ముక్కలు నూనెలో పడ్డాయి. ముగ్గురికీ పళ్లేలు పెట్టింది.

దూరంగా పడవ కూత వేసింది.

పొయ్యి ఎప్పుడు కట్టేసిందో, ఎప్పుడు లేచిందో నేను చూడనేలేదు. చూసేసరికి గడప అవతల ఉంది, కాళ్లకు చెప్పుల్లేవు. ఆమె సగం దారిలో ఉండగానే వంతెన తనంతట తానే లేచింది. నోయెల్లా అక్కడే ఆగిపోయింది. పడవ వెళ్లిపోయాక మెల్లగా వెనక్కి వచ్చి, సిగ్గుపడుతూ కుర్చీలో కూర్చుంది. ఆమె పాదాలకు గట్టు మీది మట్టి అంటుకుని ఉంది.

సాస్కియా ఆ పాదాల వంకే చూసింది.

"ఎప్పుడూ ఇంతేనా అమ్మా?"

"కూత వస్తే నయమేనే. లేస్తాను, ఎత్తుతాను, అయిపోతుంది. రాకపోతేనే..."

ఆమె చూపు మళ్లీ కిటికీ వైపు పోయింది.

"ఆ రోజు పొద్దుటి నుంచీ ఇలాగే కూర్చున్నావా?"

నోయెల్లా తలూపింది. సాస్కియా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని భోరుమంది. తరువాత లేచి, చల్లారిపోతున్న నూనె కింద పొయ్యి వెలిగించింది.

"నువ్వు కూర్చోమ్మా. నేను చూస్తాను" అంది.