పునాదిలో పోసిన మట్టి

నారాయణపట్న దగ్గర కొండవాలు మీద మాకు అరెకరం ఉండేది. సివిల్ డిప్లొమా అయిన కొత్తలో నేను అక్కడ రాళ్లతో అడ్డుగట్లు కట్టాను. మూడేళ్లపాటు ఎండుటాకులు, పశువుల పేడ, చోడిగడ్డి కుళ్లబెట్టి జానెడు లోతు నల్లమట్టి తయారుచేశాను. వేసవిదాకా నిలవుండే ఉల్లి, బంగాళాదుంప ఆ చలికాలం వేయాలి. విత్తనదుంపలు అప్పటికే మొలకెత్తాయి.

ఒక ఉదయం వెళ్లి చూస్తే కింది మడి గీకేసి ఉంది. మా చిన్నాన్న తన కొత్త గోదాం పునాది నింపడానికి ఆ మట్టి తోలించాడట. పరుగున అక్కడికి వెళ్లాను.

"కొండంతా మట్టే కదరా! నీదేటి, బంగారమేటి?" అన్నాడు కూలీల ముందే.

"అది తయారవడానికి మూడేళ్లు పట్టింది చిన్నాన్నా."

"మట్టిని తయారు సేసినోడిని నిన్నే సూసేను!"

అందరూ నవ్వారు. అందులో ఏమేం వేశానో వరసగా చెప్పినా ఎవరూ వినలేదు. ఒళ్లు మండి మేస్త్రీ వైపు తిరిగాను.

"దీని నిండా కుళ్లిన ఆకే. ఎంత దిమ్మిస కొట్టినా దిగిపోద్ది, పైన గచ్చు పగిలిపోద్ది."

మేస్త్రీ గుప్పెడు మట్టి నలిపి చూశాడు. "నిజిమే బాబూ, ఇది పనికిరాదు."

చిన్నాన్న ముఖం మారిపోయింది. "ముందే సెప్పొద్దేటిరా? తీసేయండి, తీసేయండి!"

సాయంత్రానికి మట్టి ఇటుకముక్కలతో సహా మడికి తిరిగొచ్చింది. వాటిని ఏరుకుంటూ దుంపలు నాటాను గానీ, కోపం చల్లారలేదు. పంట కోసం అడిగితే నవ్వినవాళ్లు గచ్చు కోసం పరుగులు పెట్టారు. నా మట్టి పనికిరానిదని నా నోటితోనే చెప్పించారు.