ఒక్కపొద్దు నాడు మందు

కుంకుమ పెట్టుకుంటుంటే తెలిసింది. ఎప్పుడూ పాపిట్లో ఒదిగిపోయే బొట్టు, ఆ పొద్దున వెడల్పాటి తెల్లని బాట మీద ఒంటరిగా నిలబడి ఉంది. అద్దానికి దగ్గరగా జరిగాను. వెలుతురు నేరుగా నెత్తిని తాకుతోంది. దువ్వెన నుంచి జారిన వెంట్రుకలు కిటికీ ఎండలో తేలుతూ, ఎక్కడా ఆనకుండా చాలాసేపు తిరిగాయి. నా మనసు కూడా వాటితో పాటే తిరిగింది.

మాది మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా నోటికి మానుకోటే. ముందు గదిలో కిరాణం, వెనక మా కాపురం. నేను పుట్టింది జనగామ దగ్గరి బచ్చన్నపేటలో. బడి ముఖం చూడలేదు. నాయిన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, అమ్మ స్తోత్రాలు నేర్పింది. ఆ రెండూ నాకు ఇప్పటికీ తోడున్నాయి. అడగకుండానే ఇన్ని ఇచ్చిన దేవుణ్ణి జుట్టు కోసం అడగాలంటే సిగ్గేసింది.

మా అత్తమ్మకు అటువంటి సిగ్గులు లేవు. ఆమె పుట్టిల్లు భూపాలపల్లి దిక్కు ఘనపూర్. వాళ్ల ఇంటి దేవుడు వీరభద్రుడు.

"గుండు చేయించుకో బిడ్డా. స్వామికి తలనీలాలు ఇచ్చినవంటె మళ్ల ఒత్తుగ మొలుస్తయి. మా చిన్నమ్మకు మొలువలేదా?"

"మీ చిన్నమ్మకు గప్పుడు పదేండ్లు అత్తమ్మా."

"దేవునికి నీ ఏండ్లతోటి ఏం పని?"

ఇవ్వడానికి నాకు బాధ లేదు. ఇచ్చాక మళ్లీ మొలవకపోతే? ఆ భయం పైకి అనలేకపోయాను. చివరికి ఒక మాట కుదిరింది. శివరాత్రి దాకా దవాఖాన మందు వాడాలి. అప్పటికీ ఏమీ రాకపోతే ఘనపూర్ పోయి గుండు చేయించుకోవాలి. సరేనన్నాను.

మృగశిర చినుకులు పడే రోజుల్లో మా ఆయనతో రైలెక్కి జనగామ పోయాను. అక్కడ చర్మం డాక్టరమ్మ, ముస్లింల అమ్మాయి, నా కన్నా చిన్నది. రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో ఇనుము తక్కువగా ఉందని చెప్పింది.

"మా పక్కన బయ్యారంల ఇనుము గుట్టలకు గుట్టలున్నది మేడం. ఈమె ఒంట్లకే రాకపాయె!" అన్నాడు మా ఆయన. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇనుము గోళీలు, నెత్తికి పెట్టుకునే నీళ్లమందు రాసిచ్చింది. "మొదట్ల ఇంకా ఎక్కువ రాలుతయి అక్కా. పాత వెంట్రుకలు పోయి కొత్తవాటికి జాగ ఇస్తయి. పరేషాన్ కావొద్దు. ఆరు నెలలు ఓపిక పట్టాలె. రోజూ పెట్టుకోవాలె."

ఇంటికొచ్చి మూత తీస్తే గుప్పున సారా వాసన.

"మన ఇంట్ల మందు కొట్టేది నువ్వొక్కదానివే అయినవ్ పో," అన్నాడు మా ఆయన. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు శుక్రవారం. దీపం ముందు ఆ వాసనతో ఎట్లా కూర్చోను? సీసా అటక మీద పెట్టేశాను. సోమవారం శివునికి ఒక్కపొద్దు, ఆ పూట పెట్టుకోలేదు. శనివారం వెంకటేశ్వరునికి, ఏకాదశి సరే సరి. శ్రావణం వచ్చాక నెలంతా సీసా కిందికి దిగలేదు. జుట్టు మాత్రం తన దారిన తాను ఊడుతూనే ఉంది.

భాద్రపదంలో మళ్లీ జనగామ పోయినప్పుడు సీసా చూసి డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "ఇదేంది అక్కా, సగం కూడా కాలే?"

సారా వాసన, ఒక్కపొద్దుల సంగతి చెప్పాను. మా ఆయన బయట కూర్చుని ఉన్నాడు. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది. తన తల మీది ఓణీ వెనక్కి జరిపి, తల వంచి పాపిట చూపించింది. నా పాపిట లాగే ఒకప్పుడు పలచబడి, ఇప్పుడు నిండుకుంటున్న పాపిట.

"నేను కూడా గిదే పెట్టుకుంట. రంజాన్ల రోజా ఉన్న దినాలల్ల కూడా ఆపలే. గది తాగేది కాదు, మందు. పైవానికి నా నియ్యత్ ఎరుకే. మీ దేవునికి మీ మనసు ఎరుక లేదా?"

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. తడి మళ్లు, పత్తి చేలు, గట్ల మీద కొంగలు వెనక్కి జారిపోతున్నాయి. ఇన్నాళ్లూ దేవుణ్ణి నేను ఎంత చిన్నవాణ్ణి చేశానో అనుకున్నాను. పక్కన మా ఆయన నిద్రపోతున్నాడు. ఆ డాక్టరమ్మ పేరున మనసులోనే ఒక దండం పెట్టాను.

ఆ సాయంత్రం నుంచి దీపం పెట్టి లేవగానే పాపిట వెంట చుక్కలు చుక్కలుగా రాసుకున్నాను. ఏ వారమూ విడవలేదు. బతుకమ్మ రోజులకు, చెప్పినట్టే, జుట్టు రాలడం ఎక్కువైంది. దువ్వెన నిండా, దిండు నిండా వెంట్రుకలే.

"మందు పెట్టంగ పెట్టంగ ఉన్నయి గూడ పాయె!" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది.

"పాతవి పోతున్నయి అత్తమ్మా."

"కొత్తవి ఏ ఊరి బస్సెక్కినయో మరి!"

ఆమె లేనప్పుడు నాకూ ఏడుపొచ్చేది. అయినా పెట్టుకున్నాను. కార్తీక దీపాలు వచ్చి వెళ్లాయి. తెల్లవారుజాము మంచులో ముగ్గు వేస్తుంటే వీధీ ఇళ్లూ పాల నురుగులో మునిగినట్టు ఉండేవి. ఎప్పుడు ఆగిందో తెలియదు, రాలడం ఆగింది. మొలవడం మాత్రం నాకు కనపడలేదు. అద్దంలో అదే పాపిట. శివరాత్రి దగ్గరపడింది. ఇచ్చిన మాట ప్రకారం ఘనపూర్ పోయాం.

గుడి బయట చెట్టు నీడలో మంగలాయన కత్తి తడుపుతున్నాడు. కొప్పు విప్పి ఆయన ముందు కూర్చున్నాను. నెత్తి తడపడానికి చెంబు ఎత్తాడు. "ఆగు!" అంది అత్తమ్మ. నా తల ఎండ వైపు తిప్పి, కళ్లద్దాలు సర్దుకుని, పాపిట మీద వేలు రాసింది. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి.

"ఇవేంది గివి? పసిపిల్ల నెత్తి లెక్క నూగు నూగు ఉన్నది!"

ఆమె వేలు మళ్లీ మళ్లీ అక్కడే తిరిగింది.

గుండు చేయించుకోలేని ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇస్తారు. జడ కొసన మూడుసార్లు కత్తిరించి స్వామికి సమర్పించడమే, మొక్కు తీరినట్టే.

అత్తమ్మ నా జుట్టు కొస తన పిడికిట్లో పట్టుకుని మంగలాయన ముందు పెట్టింది.

"మూడు కత్తెర్లు చాలు కొడుకా. గీడ కొయ్యి. పైన చెయ్యి పెట్టకు, గాడ మొలుస్తున్నయి."