సోమాచారి చేసిన పిడిబాకు

మాచర్ల స్టేషను రోడ్డులో కొలిమి పెట్టుకున్న కోటాచారి రోజూ పొద్దున్నే, బొగ్గులు అంటించక ముందే, గోడకు వేలాడే పిడిబాకులన్నిటికీ ఆముదం రాసేవాడు. గుడ్డపీలికను నూనెలో తడిపి, పిడి దగ్గర మొదలుపెట్టి మొనదాకా ఒకే వైపుకు తుడిచేవాడు. అది అయ్యేదాకా ఎంత పెద్ద రైతు వచ్చినా నాగలి కర్రు పక్కన పెట్టుకుని, చుట్ట కాల్చుకుంటూ కూర్చోవలసిందే.

"ఏందయ్యా ఆచారీ, తొలకరి మీదకొచ్చింది. ముందు మా కర్రు సంగతి చూడు. ఆ కత్తులతో ఎవర్ని పొడవాలని?"

"గమ్మునుండకపోతే ముందు నిన్నే," అనేవాడు కోటాచారి తల తిప్పకుండా.

నిజానికి ఆయన కోడిని కోయడానికి కూడా ఆ కత్తులు ముట్టనిచ్చేవాడు కాదు. అవన్నీ కిందటి శతాబ్దంలో ఆయన తాత లింగాచారి చేసినవి. ఆ రోజుల్లో లింగాచారి పిడిబాకులకు కృష్ణకు అటూ ఇటూ గిరాకీ ఉండేది. జమీందార్ల దగ్గర కాపలా ఉండేవాళ్లు, ఏటి అవతల నైజాములో కొలువు చేసే సిపాయిలు ఎడ్లబండ్ల మీద వచ్చి, పని పూర్తయ్యేదాకా సత్రంలో ఉండి పట్టుకుపోయేవాళ్లు. తరవాత ఆయుధం ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలన్నారు. జనం ఆ కత్తులను చూరుల్లో దోపారు, ధాన్యం పాతర్లలో పూడ్చారు. చేసినవాడు పోయాడు, వాడినవాళ్లు పోయారు, కత్తులకు తుప్పు పట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇనుము కరువైంది. అప్పుడు అవి మళ్లీ బయటికి వచ్చాయి. కొడవలి చేసిపెట్టమని జనం ఇంట్లో ఉన్న ఇనుప ముక్కేదో తెచ్చి ఇచ్చేవాళ్లు. రెంటచింతల రైతు ఒకడు అలా తెచ్చిన తుప్పుముక్కకు పిడి ఊడదీస్తే, లోపల దాగిన భాగం మీద వరసగా మూడు చుక్కలు కనిపించాయి. అది లింగాచారి గుర్తు. కోటాచారి దాన్ని నిప్పుల్లో పెట్టలేదు. తన దగ్గరున్న బండి పట్టా ముక్కతో కొడవలి చేసి ఇచ్చి, కత్తి ఉంచుకున్నాడు.

ఆ తరవాత అదే పద్ధతి. పాత కత్తి తెచ్చినవాడికి కొత్త కొడవలి. ఈ సంగతి పాత ఇనుము బేరం చేసే సుభానీ ఊరూరా చెప్పాడు. సుభానీ ఎదురింటివాడు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ బండి మీద తిరుగుతాడు. ఎక్కడ పాత బాకు కనిపించినా "ఆచారి మావా, నీ తాత దొరికాడు" అంటూ కొలిమి ముందు బండి ఆపేవాడు. పిడి ఊడదీశాక మూడు చుక్కలు లేకపోతే ఇద్దరూ డీలాపడేవాళ్లు. ఉంటే నాగులమ్మ డీలాపడేది.

నాగులమ్మ కోటాచారి భార్య. కొలిమి దగ్గర తిత్తి ఊదేది ఆమే. "ఉన్న ఇనుమంతా కొడవళ్లకు పోసి గోడకు తుప్పు తగిలిస్తున్నాడమ్మా మా ఆయన. రేపు జొన్నల బదులు దాన్నే వండుతా," అని వీధిలో అందరికీ చెప్పేది. చెప్పినా, ఆముదం గిన్నె ఖాళీ అయితే నింపేది కూడా ఆమే.

వాళ్లకు ఒక్కడే కొడుకు, సోమాచారి. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. తండ్రి తాత కత్తుల గురించి రోజూ చెప్పే మాటలు వింటూ పెరిగాడు. లింగాచారి బాకుకు నడిమి ఈనె ఎలా తేలి ఉంటుంది, మొన దగ్గర కుడివైపుకు ఎంత వంపు ఉంటుంది, పిడికి రెండు వేళ్ల ముందు వేలు ఆనిస్తే ఎటూ వాలకుండా ఎలా నిలుస్తుంది, ఇవన్నీ వాడికి కంఠతా వచ్చు. తండ్రి ఎప్పుడూ చివర ఒకే మాట అనేవాడు: "ఆ చెయ్యి మళ్లీ పుట్టదు."

పంతొమ్మిదో ఏట సోమాచారి ఒక పని చేశాడు. తండ్రి గురజాల పెళ్లికి వెళ్లిన నాలుగు రోజుల్లో ఒక పిడిబాకు కొట్టాడు. పిడిలోపల మూడు చుక్కలు కొట్టాడు. జింకకొమ్ము పిడి ఒకటి సుభానీ దగ్గర సంపాదించి బిగించాడు. నెల రోజులు పేడదిబ్బలో పూడ్చి తుప్పు పట్టించాడు. తరవాత సుభానీ చేతికిచ్చి, మాచవరం వైపు దొరికిందని చెప్పి తండ్రికి ఇమ్మన్నాడు.

కోటాచారి దాన్ని తోమాడు. వేలు మీద నిలబెట్టాడు. పిడి ఊడదీసి చుక్కలు చూశాడు. వారం రోజులు కొలిమికి వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. "మిగతావన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. మా తాత మంచి వయసులో ఉండగా కొట్టింది ఇది. ఇట్టాంటిది ఈ కాలంలో ఎవడు కొడతాడు?"

ఒకరోజు కర్రుల కోసం వచ్చిన రైతులు కొలిమి చుట్టూ కూర్చుని ఉండగా తండ్రి మళ్లీ అదే మాట అన్నాడు. సోమాచారి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నేను కొడతా నాయనా. కొట్టా కూడా. నీ చేతిలో ఉంది అదే."

రైతులు పడీ పడీ నవ్వారు. "ఏందయ్యా ఆచారీ, మునిమనవడే తాతకి తాతయ్యాడే!" అన్నాడొకడు. సుభానీ కూడా నవ్వాడు. కోటాచారి నవ్వలేదు. లేచి కొడుకును చెంప మీద కొట్టాడు.

"చచ్చిపోయినోడి గుర్తు దొంగిలిస్తావంట్రా? నీది తాతదని చెప్పుకు తిరుగుతావా? తియ్యి. ఆ చుక్కలు అరగదీసి నీ గుర్తు నువ్వు కొట్టుకో. నీదైతే నీదని చెప్పు. తాతదని ఇంకెప్పుడూ ఎవరితో అనబాక."

సోమాచారి అందరి ముందే కూర్చుని ఆకురాయితో చుక్కలు అరగదీశాడు. ఒక గీత, దాని పక్కన ఒక చుక్క కొట్టాడు. తిరిగి పిడి బిగించి తండ్రి ముందు పెట్టాడు.

"గుర్తు సంగతి అయిపోయింది. కత్తి ఎట్టా ఉందో చెప్పు నాయనా."

"తిత్తి ఊదు," అన్నాడు కోటాచారి.

ఆ ఏడు గడిచాక సోమాచారి నరసరావుపేట వెళ్లి పటాలంలో చేరాడు. అక్కడ కమ్మరి పని తెలిసినవాళ్లను వర్కుషాపుల్లోకి తీసుకుంటున్నారు. చెంపదెబ్బకే వెళ్లాడని ఊళ్లో అనుకున్నారు. అలా అని వాడు ఎవరితోనూ చెప్పలేదు. వెళ్లేముందు తల్లికి కొత్త అట్లకాడ చేసిపెట్టాడు. తండ్రితో వెళ్లొస్తానన్నాడు. మళ్లీ రాలేదు. 1944లో బర్మా సరిహద్దు నుంచి తంతి వచ్చింది. ఎక్కడ పూడ్చారో అందులో లేదు.

అప్పటిదాకా ఆ కత్తి తుక్కు పెట్టెలో అడుగున ఉంది. కర్మలన్నీ అయ్యాక కోటాచారి దాన్ని తీసి తోమి, గోడ మీద లింగాచారి కత్తుల మధ్య తగిలించాడు. పొద్దున ఆముదం దానితో మొదలయ్యేది. ఎవరైనా దాని గురించి అడిగితే పక్కదాని గురించి చెప్పేవాడు.

1948 వేసవిలో ఏటి అవతల నైజాములో గొడవలు ముదిరాయి. రాత్రిపూట పడవల మీద జనం దాటి వస్తున్నారు. వాళ్ల వెనక ఎవరొస్తారోనని ఇటువైపు ఊళ్లు బిక్కుబిక్కుమంటున్నాయి. ఏటి దాపున ఉన్న ఊళ్లలో ఎవరి ఇంట ఏ ఆయుధం ఉన్నా తెచ్చి అప్పగించాలని దండోరా వేశారు. మాచర్ల ముసాఫరు బంగళాలో డిప్యూటీ తాసీల్దారు ధనుంజయరావు మకాం పెట్టాడు. గోడల మీద పాత ఆయుధాలు ఉన్నవాళ్లకు ఆయన చూసి ఉంచుకోమని కాగితం రాసిస్తున్నాడని సుభానీ కబురు తెచ్చాడు.

కోటాచారి కత్తులన్నీ గొంగట్లో చుట్టుకుని బయల్దేరాడు. నాగులమ్మ వెంట నడిచింది. సాక్ష్యానికి సుభానీ కూడా వచ్చాడు.

"మావా, అన్నీ తాతవే అను. ఎక్కువ మాట్లాడబాక," అన్నాడు సుభానీ దారిలో. నాగులమ్మ అదే మాట ఇంకో రెండుసార్లు చెప్పింది. కోటాచారి ఊఁ అన్నాడు.

ధనుంజయరావు చెడ్డవాడు కాదు. ఆ రోజంతా తుప్పు బరిసెలూ గొడ్డళ్లూ చూసి విసిగి ఉన్నాడు. గొంగడి విప్పగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవి ఎక్కడివోయ్?"

"మా తాత లింగాచారి చేసినవయ్యా. ఊళ్లమ్మట పడి ఏరుకొచ్చా. గుర్తు చూడండి."

కోటాచారి రెండింటికి పిడులు ఊడదీసి చుక్కలు చూపించాడు. ఆ పక్కనే కొడుకు చేసిన కత్తి ఉంది. దాన్ని విప్పమని ఎవరూ అడగలేదు. ధనుంజయరావు కాగితం తీసుకున్నాడు.

"పోట్లాటలు మానేసిన కత్తులు. ఉంచుకో. అన్నీ మీ తాతవేగా?"

సుభానీ "అన్నీ తాతవేనండి" అన్నాడు. నాగులమ్మ తలూపింది. కోటాచారి ఊడదీసిన పిడులు తిరిగి బిగిస్తున్నాడు.

"ఏమోయ్, నిన్నే. అన్నీ మీ తాతవేనా?"

"ఒకటి కాదయ్యా."

నాగులమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. అధికారి కలం ఆపాడు.

"ఏది?"

కోటాచారి చూపించాడు.

"మరి ఎప్పటిది?"

"ఏడేళ్లయింది."

"అయితే కొత్తది. కొత్త బాకు ఇంట్లో ఉంచుకోమని నేనెలా రాస్తానయ్యా?" ధనుంజయరావు దాన్ని మిగతావాటి పక్కన పెట్టి చూశాడు. గొంతు తగ్గించాడు. "నాకైతే తేడా ఏమీ కనపడటం లేదు. ఇంకోసారి ఆలోచించుకుని చెప్పు. ఇది కూడా మీ తాతదే కదూ?"

"తాతదే బాబూ," అంది నాగులమ్మ. "మా ఆయనకు మతి నిలకడ లేదు. పిల్లాడు పోయిన కాణ్ణుంచి ఇంతే." భర్త వైపు తిరిగింది. "అనవయ్యా. ఒక్క మాట. ఏం పోయింది? వాడి చేతిది ఇంకేముంది మనకి?"

కోటాచారి ఆమెతో కాదు, అధికారితో అన్నాడు.

"ఇది తాతదన్నందుకే వాణ్ణి పదిమందిలో కొట్టానయ్యా. ఇప్పుడు నేనెట్టా అనేది? ఇది మావోడు సోమాచారి చేశాడు. మా తాత కన్నా బాగా చేశాడు."

ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ ఆ మాట ఆయన నోట అంతకు ముందు వినలేదు. వినవలసినవాడు అక్కడ లేడు.

ధనుంజయరావు ఆ కత్తిని తలుపు పక్కన ఉన్న కుప్పలో వేయించాడు. మిగతావాటికి కాగితం రాసి ఇచ్చాడు. ఆ కాగితం సుభానీ తీసుకున్నాడు. తిరుగుదారిలో నాగులమ్మ పది గజాలు ముందు నడిచింది. ఆ రోజు నుంచి భర్తతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, తిత్తి ఊదేది, అంతే. గొంగడి మూట విప్పకుండా మూలన ఉండిపోయింది.

మూడో వారం కానిస్టేబులు వచ్చాడు. అప్పగించిన ఆయుధాలు పనికిరాకుండా విరగ్గొట్టి తుక్కు కింద గుంటూరు పంపాలట. బంగళాకు దగ్గర కొలిమి ఇదే.

"నావల్ల కాదు. రెంటచింతల పోయి అడుగు," అన్నాడు కోటాచారి.

లోపలినుంచి నాగులమ్మ వచ్చింది.

"తెమ్మను. ఇంకోడి సుత్తి కింద నా బిడ్డ పని పడగూడదు."

మూడు వారాల్లో ఆమె భర్తతో మాట్లాడింది అదే మొదలు.

కుప్పంతా కొలిమి ముందు పోశారు. బరిసెలు, బాకులు, గొడ్డళ్లు. కోటాచారి ఒక్కొక్కటే దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టాడు. పాత ఇనుము, ఒక దెబ్బకు ఒకటి విరిగింది. సోమాచారి కత్తి చివరికి మిగిలింది. దాన్ని దాగలి అంచున పెట్టి కొట్టాడు. వంగింది. చెయ్యి తీయగానే తిరిగి తిన్నగా లేచింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ లేచింది.

"ఏందయ్యా ఇది, మొండిది," అన్నాడు కానిస్టేబులు.

"కాల్చి నీళ్లలో ముంచేటప్పుడు నీరు బాగా పట్టించాడు," అన్నాడు కోటాచారి. సమ్మెట కింద పెట్టాడు.

నాగులమ్మ తిత్తి దగ్గర కూర్చుంది. బొగ్గులు ఎర్రబడేదాకా ఊదింది. ఆయన పిడి ఊడదీసి కత్తిని నిప్పుల్లో పెట్టాడు. అది ఎర్రబడి, పసుపు రంగు తిరిగాక పట్టకారుతో తీసి, ఉలి పెట్టి మూడు ముక్కలు చేశాడు. పిడివైపు ముక్క మీద గీత, చుక్క ఇంకా ఉన్నాయి. ఇది తీసుకోనా అని కోటాచారి కళ్లతోనే అడిగాడు. కానిస్టేబులు బజారు వైపు చూస్తూ, అన్నీ లెక్కలో ఉండాలి ఆచారీ, అన్నాడు.

మధ్యాహ్నం రైలుబండికి తుక్కు రెండు గోతాల్లో నింపి స్టేషను కాటా మీద పెట్టారు. మూడు మణుగుల రెండు వీశెలు తూగింది.