వరుసలో చివరి క్యాను

మునిరత్నమ్మ గురించి రాయాలంటే ముందు నేను చేసిన సిగ్గుమాలిన పని చెప్పుకోవాలి. అది దాచిపెట్టి ఆమెను పొగిడితే ఇంకో అన్యాయం చేసినవాణ్ణవుతాను.

మా ఊరు దిబ్బూరహళ్ళి నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు. ఊరి పాల డైరీకి పదకొండేళ్ళుగా నేనే కార్యదర్శిని. నేను రాకముందు పాలలో నీళ్ళు కలపడం మామూలు. నేను వచ్చి ఒక నల్లబోర్డు పెట్టాను. పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ వేసినప్పుడు డిగ్రీ ఇరవై ఎనిమిది కంటే తగ్గితే ఆ మనిషి పేరు బోర్డెక్కుతుంది, పాలు వెనక్కి పోతాయి, నెలపాటు వరుసలో అందరికన్నా చివర నిలబడాలి. మొదట కొండప్ప దొరికాడు. నీళ్ళు కలిపానని ఒప్పుకున్నాడు, మానుకున్నాడు. ఊరంతా నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు నా తలకెక్కింది.

మునిరత్నమ్మ ఇల్లు డైరీ గోడను ఆనుకునే ఉంటుంది. భర్త పోయాక, మూడేళ్ళ కిందట ఒక సీమావును కొన్నది. కోడలు నేత్ర పాలు పిండేది. ఈమె క్యాను పట్టుకుని అందరికంటే ముందు వచ్చి నిలబడేది. నోరున్న మనిషి. ఆమె నవ్వితే వీధి చివరికి వినిపించేది.

ఆమె డైరీకి పాలు పోయడం మొదలుపెట్టాక, మొదటి మూడు రోజులూ డిగ్రీ ఇరవై ఐదే చూపించింది.

"నీళ్ళు యాడ పోస్తాండావమ్మా, ఇంట్లోనా, దారిలోనా?" అన్నాను. ఆమె దారి పది అడుగులే కాబట్టి వరుసంతా నవ్వింది.

"నా బిడ్డ మీద ఒట్టు గోపాలప్పా, చుక్క నీళ్ళు పోయలేదు. ఇంకోతూరి చూడప్పా."

"చూసేదేముండాది? డిగ్రీ అబద్ధం చెప్తాదా?"

పేరు రాశాను. మరునాటి నుంచి ఆమె చివర నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి ముప్పావుగంట పట్టేది. అలా నిలబడిన మొదటి రోజే డిగ్రీ ఇరవై ఎనిమిది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా తగ్గలేదు.

నేను ఊరుకోలేదు. డైరీ వార్షిక సభలో, ఆమె ఎదురుగా కూర్చుని ఉండగానే, "శిక్ష పడితే ఎవరైనా దారికొస్తారు. కావాలంటే మునిరత్నమ్మను చూడండి" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది. నెల గడిచినా వరుసలో ముందుకు రాలేదు. ఆ నవ్వు మళ్ళీ వినిపించలేదు. బుద్ధి తెచ్చుకుందిలే అనుకున్నాను.

నిరుడు వానలకు మా కొట్టం కూలితే, మా ఆవును తెచ్చి డైరీ వెనక కట్టేశాను. పొద్దున నేనే పిండాను, నేనే తెచ్చాను. లాక్టోమీటర్ వేస్తే ఇరవై ఐదు. గిన్నె ముట్టుకుంటే వెచ్చగా ఉంది. పక్కన పెట్టి, అందరి పాలూ అయ్యాక మళ్ళీ చూశాను. ఇరవై ఎనిమిది.

అప్పుడే పిండిన వేడి పాలలో డిగ్రీ తక్కువ చూపిస్తుంది, అంతే. మిగతావాళ్ళవి దూరం నుంచి వచ్చేసరికి చల్లారతాయి. గోడ పక్కనుంచి వచ్చేది ఆమె ఒక్కతే. నేను చివర నిలబెట్టినందుకే ఆమె పాలు చల్లారాయి. దాన్నే ఆమె దొంగతనానికి రుజువుగా చూపించాను.

ఆ రోజే చెప్పాల్సింది. చెబితే బోర్డుకు విలువ పోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి నేను కాపాడుకున్నది నా పరువు. ఎనిమిది నెలలు ఆమె ముఖం చూడకుండా పాలు పోయించుకున్నాను.

పోయిన నెల ఇక తట్టుకోలేక ఆమె ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె చివరిదాకా వింది. తర్వాత "మరి నేత్ర?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నేను నీళ్ళు పోయలేదని నాకు తెలుసు. పిండేది అది. ఇంకెవరు పోసుంటారనుకునేది? చెంబు లాక్కుంటి. వీధంతా వినేట్టు తిడితి. నేను పిండినప్పటి నుంచి డిగ్రీ సరిపాయె. అదే దొంగని నిర్ణయం చేసుకుంటి గదప్పా! మొగుణ్ణీ బిడ్డనీ తీసుకొని గౌరిబిదనూరు పక్క హొసూరుకు, పుట్టింటికి పాయె. రెండేండ్లు దాటె, మనవరాలి మొగం చూసి."

"తప్పయిందమ్మా" అన్నాను.

"దొంగంటివి నలుగురి ముందర. తప్పయిందని చెప్పేది మాత్రం గోడ చాటునా గోపాలప్పా?"

మరునాడు పొద్దున బోర్డు మీద నా పేరు రాశాను. దాని కింద జరిగిందంతా రాశాను. పాలు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఆగి చదివారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ముందుకు రామ్మా" అని పిలిచాను. మునిరత్నమ్మ చివరి నుంచి నడిచి వచ్చింది, క్యాను కింద పెట్టి బోర్డు వంక చూసింది.

"ఇదంతా ఒక కాగితం మీద రాసియ్యప్పా. పదిగంటల బస్సుకు హొసూరు పోతాండా. నేను నోటితో చెప్తే నేత్ర నమ్మదు."