కోటిరత్నం కల్లంలో రాళ్లు

కోటిరత్నం నోరు మంచిది కాదని ఊరంతా చెప్పుకుంటారు. నిజమే, మంచిది కాదు. మిరపకోతలకు ఇరవై మంది ఆడవాళ్లను వెంటేసుకుని పొలాల వెంట తిరిగే మేస్త్రికి నోరు మెత్తగా ఉంటే పని సాగుతుందా? కూలీలను తక్కువచేసి మాట్లాడిన ఆసామిని నడిబజార్లో నిలబెట్టి కడిగేసిన మనిషి ఆవిడ. అలాంటి కోటిరత్నం మూడు రోజులుగా నోరు విప్పలేదు.

అద్దంకి వైపు ఆ ఊరి చేలన్నీ నల్లరేగడి, కావాలన్నా రాయి దొరకదు. కల్లంలో ఎండుతున్న కాయల మీద రాత్రిళ్లు పట్టాలు కప్పి, గాలికి లేవకుండా రాళ్లు పెట్టాలి. వాటిని గ్రానైట్ క్వారీల నుంచి ట్రాక్టర్లలో తెచ్చుకుంటారు. అందుకే ఎవరి రాళ్లకు వాళ్లు రంగు పూసుకుంటారు. సొంతానికీ ఎకరం మిరప వేసుకునే కోటిరత్నం రాళ్లకు నీలం.

పండగ ఊరేగింపు మీద అమీర్‌బీ ఇంట్లోవాళ్లు ఉమ్మారని ఫోన్లలో ఓ మాట తిరిగింది. పచ్చి అబద్ధం. ఆ పూట వాళ్లంతా కోటిరత్నం పక్కనే కూర్చుని కాయల తొడిమలు తీస్తున్నారు. అయినా దీపాలు పెట్టేవేళకు వాళ్లింటి మీద రాళ్లు పడ్డాయి. అమీర్‌బీ కుడి మణికట్టు విరిగింది. ముప్పై ఏళ్లుగా కోటిరత్నం పక్క సాలులో కాయ కోసిన చెయ్యి అది.

చూడ్డానికెళ్లిన కోటిరత్నానికి వాకిట్లో ఐదు నీలం రాళ్లు కనిపించాయి. అమీర్‌బీ వాటిని చూసింది, ఈవిడను చూసింది.

"టీ తాగుతావా రత్నం?" అంది.

తిట్టినా బాగుండేది. కోటిరత్నం ఇంటికొచ్చి కొడుకు కోటేష్ చొక్కా పట్టుకుంది. "అందరూ వెళ్లారమ్మా, నేనూ వెళ్లా" అన్నాడు వాడు తల దించుకుని.

నాలుగోరోజు పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టారు. ఎస్సై కూడా వచ్చాడు. సర్పంచి కాగితం తీసి చదివాడు: "కొందరు బయటి వ్యక్తులు చేసిన ఈ దాడిని మన గ్రామం తీవ్రంగా ఖండిస్తోంది." అందరూ చప్పట్లు కొట్టారు. ఊళ్లో నీలం గుర్తు ఎవరిదో తెలియనివాడెవడు? తెలిసే కొట్టారు.

కోటిరత్నం నెత్తిన తట్టతో జనాన్ని తోసుకుంటూ వచ్చి, అమీర్‌బీ వాకిట్లోని ఐదు రాళ్లనూ బల్ల మీద ధబీమని పోసింది.

"బయటోళ్లు మా కల్లంలోకొచ్చి, మా రాళ్లు ఏరుకుని, అమీర్‌బీ అక్క ఇల్లు వెతుక్కుంటా పోయారా? సిగ్గులేదంటయ్యా మీకు?"

"ఊరుకోవే, పిల్లోడి బతుకు పోద్ది" అంటూ భర్త పిచ్చయ్య కొంగు పట్టి లాగాడు.

"ఎప్పుడూ ఊరుకోని దాన్ని ఇప్పుడు ఊరుకోమంటావా?" కొంగు లాక్కుంది.

"ఖండించాం కదమ్మా, ఊరి పరువు కూడా చూసుకోవాలి కదా" అన్నాడు సర్పంచి.

"పేరు లేకుండా ఖండిస్తే ఎవరికి తగులుద్దండీ? ఆడమనిషి చెయ్యి విరగ్గొడితే పోని పరువు, పేరు రాస్తే పోద్దా?"

వెనక నుంచి ఎవడో అరిచాడు. "వాళ్లకోసం కన్నకొడుకుని పట్టిస్తావా?"

"వాళ్లెవర్రా? మీ అమ్మకి పురిటినొప్పులొచ్చిన రోజు బండి కట్టించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది ఎవరో ఇంటికెళ్లి అడుగు, వెధవా!"

ఎస్సై పెన్ను తీసి, "పేరు చెప్పమ్మా" అన్నాడు.

గుంపులోంచి కోటేష్ చిన్నగా "అమ్మా" అన్నాడు. వాణ్ని చూడకుండా ఉంటే బాగుండుననుకుంది కోటిరత్నం, అయినా చూసింది. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

"రాయండి. కోటేష్, తండ్రి పిచ్చయ్య" అంది. తర్వాత ఆడవాళ్లున్న వైపు తిరిగింది.

"మిగతా పేర్లు వాళ్లవాళ్ల అమ్మలు చెబుతారు. చెప్పేదాకా నేను కదల్ను." బల్ల ముందు నేల మీద చతికిలబడింది.