‘ఎలా తెచ్చారు’ అనే కాలమ్

పామర్రులో మా అమ్మమ్మ ఏటా ఈస్టర్‌కి ముందు, శ్రమదినాల్లో, నలభై రోజులు కాఫీ మానేస్తుంది. మా చర్చిలో కొందరు మాంసం మానేస్తారు, కొందరు సీరియళ్ళు మానేస్తారు. అమ్మమ్మకి ఆ రెండూ సులువే కాబట్టి దేవుడి దగ్గర అవి లెక్కకు రావని ఆమె నమ్మకం. కిందటేడాది ఆ రోజుల్లో నేను ఇంటినుంచే ఆఫీసు పని చేస్తూ ఆమె దగ్గరే ఉన్నాను. మొదటి వారంలో నేను గమనించినవి: ఒకటి, పొద్దున్నే తలనొప్పి. రెండు, పాలవాడితో గొడవ. మూడు, పాలవాడు రాని రోజు నాతో గొడవ.

రెండో వారం ఆమే ఒక దారి కనిపెట్టింది.

"తాగకూడదు గానీ వినొచ్చు కదరా. అసలీ కాఫీ ఎక్కడ పుట్టిందో చెప్పు," అంది.

నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. ఎవరేమడిగినా ముందు పట్టిక గీస్తాను. లాప్‌టాప్‌లో నాలుగు కాలమ్‌లు పెట్టాను: వరుస సంఖ్య, దేశం, ఎవరు తెచ్చారు, ఎలా తెచ్చారు. మూడింటితో ఆపి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

రోజూ సాయంత్రం, వీధిలో మినుము నూర్పిళ్ళ దుమ్ము కాస్త అణిగాక, ఆమె రాగిజావ గ్లాసుతో అరుగు మీద కూర్చునేది. నేను ఒక వరుస చదివేవాణ్ణి. మొదటిది ఇథియోపియా. మేకలు ఏవో ఎర్రటి పండ్లు తిని గంతులేస్తుంటే కాపరి చూశాడని కథ. "మేకలకి కూడా తెలిసింది," అని అమ్మమ్మ మురిసిపోయింది. రెండోది యెమెన్. అక్కడివాళ్ళు తోటలు వేశారు. గింజలు బయట ఎక్కడా మొలకెత్తకూడదని వాటిని వేయించో ఉడకబెట్టో గాని ఓడ ఎక్కనిచ్చేవారు కాదట.

మూడోది మన దేశం. "యాత్ర ముగించుకుని యెమెన్ మీదుగా వస్తూ ఒక సాధువు ఏడు పచ్చిగింజలు దాచి చిక్‌మగళూరు కొండలకి తెచ్చాడు," అని చదివాను.

అమ్మమ్మ గ్లాసు కింద పెట్టింది. "దాచి అంటే?"

"అంటే, కనపడకుండా."

"అడక్కుండా."

"అడిగితే ఇవ్వరు కదమ్మమ్మా."

"ఇవ్వరని తెలిసి తీసుకోడాన్ని ఏమంటారో నువ్వే చెప్పు. చదువుకున్నావుగా."

మా చర్చి లెక్కలో దొంగతనం చేయకూడదనేది ఎనిమిదో ఆజ్ఞ. ఇన్నేళ్ళూ తాను తాగింది దొంగసొత్తేనని అమ్మమ్మ ఆ సాయంత్రం తేల్చేసింది. ఈస్టర్ అయ్యాక కూడా ఇక ముట్టనంది. ఈస్టర్ పొద్దున తాగే మొదటి కాఫీని తలుచుకునే ఆమె నలభై రోజులూ ఓర్చుకుంటుందని నాకు తెలుసు. దాన్ని ఒక్క కాలమ్‌తో పోగొట్టాను. ఎక్కడైనా ఒక నిజాయితీ గల కాఫీ మొక్క దొరక్కపోతుందా అని మిగతా వరుసలన్నీ గాలించాను.

"డచ్చివాళ్ళు జావాకి పట్టుకెళ్ళారు," అన్నాను మర్నాడు.

"జావలో కాఫీ ఎందుకు కలిపారు?" అని తన గ్లాసులోకి అనుమానంగా చూసుకుంది.

"జావ కాదు, జావా. అదొక దీవి."

"అడిగి పట్టుకెళ్ళారా?"

"లేదు. కానీ బ్రెజిల్‌ది కొట్టేసింది కాదమ్మమ్మా. బ్రెజిల్ అధికారి ఒకాయన పక్కదేశం వెళ్తే, అక్కడి గవర్నరు గారి భార్య పూలగుత్తిలో విత్తనాలు పెట్టి ఇచ్చిందట."

"మొగుడికి చెప్పే ఇచ్చిందా?"

"చెప్పినట్టు లేదు."

"మొగుడికి చెప్పకుండా పరాయి మగాడికి పూలు. అది ఏడో ఆజ్ఞరా. దీనికంటే ఆ దొంగతనమే నయం."

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం వచ్చేసరికి నా దగ్గర ఒక్క వరుస మిగిలింది. ఆమ్‌స్టర్‌డామ్ నగరపెద్దలు ఫ్రాన్సు రాజుకి ఒక కాఫీ మొక్కని కానుకగా పంపారు.

"దాని తల్లిమొక్క ఎక్కడిది?"

"అది అడక్కు. రాజు మాత్రం దొంగిలించలేదు. ఇస్తే పుచ్చుకున్నాడు."

‘ఇస్తే పుచ్చుకున్నాడు’ అని అమ్మమ్మ తనలో తాను రెండుసార్లు అనుకుంది. రాగిజావ మీద మీగడ కట్టింది.

ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ఇంటికొచ్చాం. అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళలేదు. అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చుంది.

"నేను కొనను, కలుపుకోను," అంది వీధివైపు చూస్తూ. "ఎవరన్నా ఇస్తే కాదనను."

నేను లేచి ఫిల్టరులో మూడు చెంచాల పొడి వేశాను. అరగంటకి గ్లాసు ఆమె చేతికిచ్చాను.

"నేనడగలేదుగా?"

"అడగలేదు. ఊరికే ఇస్తున్నా."

ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. "పాపం నీది. డికాషన్ పల్చగా ఉంది, అదీ నీ పనే."

అప్పట్నుంచి నేను పామర్రులో ఉన్నన్నాళ్ళూ అమ్మమ్మ కాఫీ అడగలేదు. అడిగితే అది కానుక కాదట. పొద్దున్నే ఐదున్నరకి నా గది గుమ్మంలో నిలబడి, నేను లేచేదాకా దగ్గేది.